కీచురాళ్ళు వెళ్ళిపోయిన గల్లీ

“ఏం బావా, టీవీ పెట్టినవా, లేకపోతే ఉప్పల్ స్టేడియంల మైకులన్నీ ఊడబీకి నీ ఇంట్ల కట్టినవా? కామెంటరీ ఆయన అరుస్తుంటే మా వంటింట్ల గిన్నెలు ఎగురుతున్నయ్. జర బంద్ జేసి బయటికి రా. నీకో ముచ్చట చెప్పాలె.”

నరేందర్ బావ లుంగీ సవరించుకుంటూ వచ్చి గేటు ముందు సిమెంటు మెట్టు మీద కూర్చున్నాడు. మేమిద్దరం మల్లాపూర్‌లో ఇనుప రేకులను అచ్చులో నొక్కే ఒకే ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశాం. డై మీద రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, ధడ్. మళ్ళీ రేకు, మళ్ళీ ధడ్. నాచారంలో మా ఇళ్ళు కూడా పక్కపక్కనే.

అప్పుడే వాన వెలిసి పొద్దుగూకుతోంది. నేను తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ జాగా వైపు చూస్తూ నిట్టూర్చాను.

“ఎంత సప్పుడు లేదో సూడు బావా. కీచురాళ్ళు పూర్తిగ పోయినయ్.”

“అపార్ట్‌మెంట్లు లేచినంక యాడుంటయ్? బోర్లు ఏసి భూమినంత ఆరగొట్టిన్రు,” అన్నాడు బావ, ఆరేళ్ళుగా ఊపుతున్నట్టే తల ఊపుతూ. “ముచ్చటేందో చెప్పు. ఆఖరికి నన్నే బకరాను జేస్తవని తెలుసు గాని.”

“ఈసారి బకరా ఎవరో నువ్వే చెప్పాలె,” అని మొదలుపెట్టాను.

సంగతి మా మేనకోడలు దుర్గాభవానిది. మా ఇంట్లోనే ఉండి, రోజూ ఉప్పల్‌లో బస్సు మారి కాలేజీకి వెళ్తుంది. చదివేది ఆడియాలజీ. అంటే చెవులు పరీక్షించి, వినపడనివాళ్ళకు మిషన్లు అమర్చే చదువు. పోయిన ఏడు చప్పుడు అలల లెక్కలుండే సిగ్నల్స్ పేపరు తప్పింది. ఈసారి ఆ పేపరు మళ్ళీ రాయాలి. దాంతోపాటు ఒక మనిషి చెవులు పరీక్షించి, గ్రాఫు గీసి, బయటి నుంచి వచ్చే మేడమ్‌కు దాన్ని వివరించాలి. ఇదీ పోతే తోటివాళ్ళంతా పై ఏడుకు వెళ్తారు, తను ఒక్కతే కింద మిగిలిపోతుంది.

ఒక సాయంత్రం పుస్తకం ముందు ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

“ఏంది కోడలా, పుస్తకం ఏమన్న తిట్టిందా?”

“ఫ్రీక్వెన్సీ, యాంప్లిట్యూడ్ కలగలిసిపోతున్నయ్ మామా. గట్టిగ మోగితే ఫ్రీక్వెన్సీ ఎక్కువని రాసొచ్చిన పోయినసారి.”

నేను చదివింది ఏడు వరకే. ఎనిమిదో తరగతి నన్ను చూసి భయపడి దగ్గరకు రాలేదు. అయినా పలక మీద గీసినట్టు తను గీసిన అలల బొమ్మలు చూస్తే మా షాపే గుర్తొచ్చింది.

“ఇగో, మా కాడ చిన్న ప్రెస్ నిమిషానికి వంద దెబ్బలు కొడ్తది, గాని తేలికగ. పెద్దది ముప్పైయే కొడ్తది, గాని భూమి అదురుతది. ఎన్ని దెబ్బలనేది ఒకటి, ఎంత బరువుగ అనేది ఇంకొకటి. రెండిటికి సుట్టరికం లేదు.”

తను పెన్ను కింద పెట్టింది. “అంటే దెబ్బల లెక్క ఫ్రీక్వెన్సీ, దెబ్బ బరువు యాంప్లిట్యూడ్! మరి అన్ని మిషిన్లు ఒక్కసారి నడుస్తుంటే?”

“గేటు బయట నిలబడి ఏది నడుస్తుందో, ఏది ఆగిందో చెప్తుంటి.”

“గదే మామా! కలిసిపోయిన సప్పుడును విడగొట్టి సూసుడు. మా పుస్తకంల దానికి నాలుగు పేజీల లెక్కలున్నయ్!”

ఆ వారమంతా నేను టీ కొట్టులో లెక్చరర్‌నే.

పేపరు బాగా రాసింది. ప్రాక్టికల్ దగ్గర చిక్కొచ్చింది. తోటివాళ్ళందరికీ వినికిడి తగ్గినవాళ్ళు దొరికారు, మా పిల్లకు దొరకలేదు. మంచి చెవులైతే గ్రాఫులో పైన ఒక గీత పడుతుందట. దాని గురించి చెప్పడానికేముంటుంది?

“నేనొస్త. నీ కోసం చెవిటోన్నైత,” అన్నాను.

“నీకు దండం పెడ్త మామా, రా గాని నాటకాలు వద్దు. ఇనవడ్డప్పుడే బటన్ నొక్కు.”

“సరే,” అన్నాను. నా సరే ఎంత గట్టిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

బస్సులో కూర్చుని ఆలోచించాను. నాటకమైనా లెక్క ప్రకారం ఉండాలి. ఇరవై రెండేళ్ళు నా చెవుల్ని కొట్టింది ధడ్ ధడ్ మనే బొంగురు చప్పుడు. కాబట్టి పోతే బొంగురు చప్పుళ్ళే వినపడకుండా పోవాలి. వాటికి బండరాయిలా కూర్చుంటాను. సన్నని కూతలకు మాత్రం నిజాయితీగా నొక్కుతాను. ఏ డాక్టరైనా నమ్మి తీరాలి!

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. అద్దం అవతల మిషన్ ముందు మా పిల్ల, పక్కన పరీక్ష చూడటానికి బయటి నుంచి వచ్చిన అరుణకుమారి మేడమ్. ముందు బూ... మంటూ బొంగురు చప్పుడు వచ్చింది. నేను కదల్లేదు. ఇంకా పెంచింది. చెవులు హోరెత్తాక, పోనీలే అని నొక్కాను. తర్వాత సన్ననివి వచ్చాయి. వాటికి వినపడగానే నొక్కాను. మధ్యలో ఒకచోట మిషన్ నిద్రపోయింది. ఊరికే ఎందుకని గోడకున్న చిల్లులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ముప్పై దాకా వచ్చాక కీ... మని చిన్న చప్పుడు మొదలైంది. టక్కున నొక్కాను.

మా పిల్ల మొత్తం మళ్ళీ చేసింది. మూడోసారి కూడా చేసింది. మేడమ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. మా పిల్ల గ్రాఫు మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ గుర్తులు పెడుతోంది. తన పరీక్ష నా వల్లే పోతోందనుకున్నాను. హెడ్‌ఫోన్ తీసి పడేసి బయటికి ఉరికాను.

“మేడమ్, పోరి తప్పేం లేదు. నేనే మజాక్ చేసిన. నాకన్ని మంచిగ ఇనవడ్తయ్. దాని మార్కులు కోయకున్రి!”

మేడమ్ నన్ను చూడలేదు, మా పిల్లను చూశారు. “ఏమ్మా, ఆయనకు అన్నీ వినపడతాయంటున్నారు. నమ్ముతావా?”

తను గ్రాఫును ముందుకు జరిపింది. “సగం నమ్ముత మేడమ్.” గ్రాఫు మీద వేలు పెట్టింది. “గీ బొంగురు సప్పుళ్ళ కాడ మూడుసార్లు మూడు తీర్ల వచ్చింది. నిజంగ ఇనవడనోళ్ళకు ఎన్నిసార్లు జేసినా దగ్గరదగ్గరనే వస్తది. ఇదంత మా మామ మజాక్. గాని నాలుగువేల కాడ మూడుసార్లూ అరవై డెసిబెల్స్ దాక గట్టిగ పెంచితేనే నొక్కిండు. గీడ మామ నాటకం ఆడలే.”

“నాలుగువేలేంది?”

“సెకండుకు నాలుగువేల దెబ్బలు మామా. మస్తు సన్నని సప్పుడు.”

“అది అప్పుడే గద మొదలువెట్టినవ్! అంతకుముందు నీ మిషిని నిద్రపోయింది.”

“నిద్రపోలే మామా. అంతసేపు నేను సప్పుడు ఇస్తనే ఉన్న.”

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. “కొట్టే చప్పుడు ఎంత బొంగురుదైనా, ముందు దెబ్బతినేది సన్నని చప్పుళ్ళు వినే చోటేనండీ. మీరు సరిగ్గా తలకిందులుగా నటించారు. వినపడేవి వినపడవన్నారు, వినపడనివి వినపడతాయన్నారు.”

“ఎన్ని దెబ్బలనేది ఒకటి, ఎంత బరువనేది ఇంకొకటని నాకు చెప్పింది నువ్వే గద మామా. చెవిని ఖరాబు జేసింది దెబ్బ బరువు,” అంది మా పిల్ల మెల్లగా.

ఆ రోజు అందరికంటే ఎక్కువ మార్కులు తనకే వచ్చాయి. నేను తలకిందుల నాటకం ఆడకపోతే అంత చెప్పే అవకాశం ఉండేది కాదని మేడమే అన్నారు.

పోయిన వారం తనే నాకు మిషన్ పెట్టించింది. అన్ని చప్పుళ్ళనూ పెంచదట, పోయిన సన్ననివాటినే పెంచుతుందట. ఆ రోజే చీకటి పడేవేళకు బస్సు దిగి ఈ ఖాళీ జాగా పక్క నుంచి నడుస్తున్నాం. చెవిలో కిర్ర్... మని ఒకటే గోల.

“కోడలా, నీ మిషిని ఒక్కరోజుకే ఖరాబైంది.”

తను దాన్ని తీసింది. గోల ఆగింది. మళ్ళీ పెట్టింది. కిర్ర్...

“మిషిని కాదు మామా. కీచురాళ్ళు.”

అంతవరకు చెప్పి, నేను తలకున్న తువ్వాలు విప్పాను. చెవి వెనక మిషన్ చూడగానే నరేందర్ బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఆరేండ్ల సంది కీచురాళ్ళు పోయినయని గల్లీ అంత సాటినవ్ గద! అందర్ని ఆటపట్టిస్తవు, నిన్ను నువ్వే బకరాను జేసుకున్నవ్!”

“నేనే బావా. నేనట్ల అన్నప్పుడల్ల గల్లీల అందరు నవ్విన్రు. మజాక్ అనుకున్నరు. అవునవునని తలూపింది నువ్వొక్కనివే.”

బావ నవ్వు సగంలో ఆగింది.

“ఇప్పుడు సుత మస్తు అరుస్తున్నయ్,” అని ఖాళీ జాగా వైపు వేలు చూపించాను.

బావ మెడ అటు తిప్పి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు.

“యాడ?” అన్నాడు.