ఉడుంబాబు కుబుసం

తెల్లారేసరికి ఉడుంబాబు కొబ్బరిచెట్టు మీద ఉంటాడు. మోకు అక్కర్లేదు, కాళ్ళకి బంధం అక్కర్లేదు. గోళ్ళతో పాకిపోయి, గెల పట్టుకుని, "తప్పుకో వదినా! ప్రమాదం పొంచి ఉంది!" అని హెచ్చరించి మరీ కాయలు వదులుతాడు. కింద ప్రమోదిని నవ్వుకుంటూ పక్కకి జరిగి, ఆనక వాటిని ఏరి కుప్ప పోస్తుంది. కవిటి దగ్గర ఆ ఊళ్ళో వాళ్ళ పొద్దు అలాగే మొదలవుతుంది.

అతని మాటతీరుకి కారణముంది. ‘ఏడో కక్ష్య’ అని అంతరిక్షం సినిమాలు వరసగా వచ్చేవి. తెలుగులోకి డబ్బింగు చేసి టీవీలో వేసేవారు. వాటిల్లో దుర్మార్గులంతా థుర్మాకులనే జాతివాళ్ళు. ఒళ్ళంతా పచ్చటి పొలుసులు, పొడుగాటి తోక, పసుపు కళ్ళు. ఆఖరి సినిమాలో హీరో ఆ జాతి మొత్తాన్ని గ్రహంతో సహా పేల్చిపారేశాడు. మర్నాడు పొద్దున్నే వీళ్ళ జీడితోటలో ఒక థుర్మాకు కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ప్రమోదిని అత్తగారు తవిటమ్మ నీళ్ళిచ్చి, చద్దన్నం పెట్టి, ఉడుంబాబు అని పేరు కూడా తనే పెట్టింది. సినిమాలో పోయినవాడు ఇక్కడికెలా వచ్చాడని ఎవరూ అడగలేదు. చావు తప్పి వచ్చినవాణ్ణి అలాంటివి అడగడం మర్యాద కాదు కదా.

ప్రమోదిని మొగుడు బాలకృష్ణకి కిడ్నీలు పోయాయి. మూత్రం చుక్కయినా రాదు. రోజు విడిచి రోజు ఆటోలో డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. ఆ ఆటోలో ఎక్కేవాళ్ళందరూ ఆ ఊరివాళ్ళే. ప్రమోదిని తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. పరీక్షలన్నీ సరిపోయాయి. ఇక సోమవారం విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కమిటీ ముందు వేలిముద్ర వేసి, తాను తానేనని రుజువు చేసుకోవాలి, అంతే. ఆ రోజు తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో తెలీదు. అప్పటిదాకా బాలకృష్ణ గుండె తట్టుకుంటుందని డాక్టరు మాటివ్వలేదు.

ఆ ముందు బుధవారం బాలకృష్ణ మంచం మీంచి లేచి కూర్చుని, "ఏమే, పచ్చి జీడిపప్పు కూర తినాలనుందే" అన్నాడు.

అతను నోరు తెరిచి ఇది కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో! డాక్టరు నాలుగు పలుకులకి పరవాలేదన్నాడు. ప్రమోదిని తోటలోకి పరిగెత్తి పచ్చి జీడిపిక్కలు కోసుకొచ్చింది. ఉద్దానంలో పుట్టిన ఏ ఆడదైనా పచ్చిపిక్కల ముందు కూర్చుంటే ముందు చేతులకి కొబ్బరినూనె పట్టిస్తుంది. లేకపోతే ఆ జీడి చర్మాన్ని తినేస్తుంది. ప్రమోదినికి ఇది లంగాలు కట్టిన నాటినుంచీ తెలుసు. ఆ వేళ సంతోషంలో ఒళ్ళు తెలియక, ఒట్టి చేతులతో కత్తిపీట ముందు కూర్చుంది. బాలకృష్ణ కూర తిన్నాడు, గిన్నె అడుగు కూడా వేలితో తుడుచుకున్నాడు.

శుక్రవారానికి ఆమె వేళ్ళు నల్లబడి, పొరలు పొరలుగా ఊడిపోయాయి. అడుగున నున్నటి గులాబీరంగు చర్మం, ఒక్క గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది సోమవారం.

రేషన్ డీలర్ నారాయణమూర్తి దగ్గరికి పరిగెత్తింది. ఆయన మిషను మీద ఏ వేలు పెట్టినా ఎర్ర లైటే.

"ముద్రలు పడవమ్మా. ఈ ఏళ్ళతోని ఏ మిషనూ నిన్ను గుర్తుపట్టదు" అన్నాడాయన జాలిగా.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, కన్ను చూసే మిషను రిపేరుకెళ్ళిందన్నారు. ప్రమోదిని ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది.

"నా సేతులారా నానే సేసుకున్నాను బావా! ఒక్క సుక్క నూనె రాసుకోనేకపోయాను" అని గుండెలు బాదుకుంది.

"ఊరుకోయే. కూర బాగుంది. దాని గురించి ఏడవకు" అన్నాడు బాలకృష్ణ. ఆ మాటకి ఆమెకి ఏడుపు ఇంకా ముంచుకొచ్చింది.

ఉడుంబాబు నూతిగట్టు మీంచి అంతా విన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటికి అతని పచ్చరంగు పోయి బూడిదరంగు తిరిగింది. థుర్మాకులు ఏడాదికోసారి, తొలకరి పడ్డాకే కుబుసం విడుస్తారు. తడి లేకుండా విడిస్తే పచ్చి పుండే. అయినా మండుటెండలో జీడిచెట్టు మొదలుకి ఒళ్ళు రాసుకుంటూ పళ్ళు బిగబట్టాడు. తవిటమ్మ చూడలేక బిందెలతో నీళ్ళు పోస్తూ కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నానికి అతని రెండు చేతుల కుబుసం చిరగకుండా ఊడొచ్చింది. అరచేతుల్లో నెత్తురు చెమ్మతో, ఆ తొడుగులు రెండూ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ధరించు వదినా. దీని అడుగున నశించిన రేఖలు తిరిగి మొలుస్తాయి. రేపు సూర్యోదయం వరకు తొలగించరాదు."

"ఒరే బాబూ, మనిసి గీతలు వత్తాయా, ఉడుం గీతలు వత్తాయా? అది ముందు సెప్పు" అంది తవిటమ్మ.

"మాతా! తోక తెగితే ఎవరి తోక వారికే మొలుస్తుంది. ఇతరుల తోక మొలవదు."

పలాసలో రైలెక్కినప్పటినుంచీ ప్రమోదిని ఆ చల్లటి తొడుగుల మీద కొంగు కప్పుకునే కూర్చుంది. లోపల వేళ్ళు జివజివలాడుతుంటే, గోకకుండా తమాయించుకోవడానికి దేవుళ్ళందరినీ తలుచుకుంది. పొద్దున ఆసుపత్రి హాల్లో తొడుగులు తీసింది. వేళ్ళకేసి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

బాలకృష్ణే ఆమె చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. "గీతలున్నాయే" అన్నాడు.

కమిటీ గదిలో మిషను ఒక్క క్షణం ఆలోచించి పచ్చ లైటు వేసింది. తెర మీద ప్రమోదిని పేరు, పెళ్ళయిన కొత్తలో తీయించుకున్న ఫొటో కనబడ్డాయి.

"నీ ఇష్టపూర్తిగానే ఇస్తున్నావా అమ్మా?" అనడిగాడు పెద్ద డాక్టరు.

"ఇదిగో, ఇంత కట్టం పడొచ్చింది అందుకే కదండీ" అంది ప్రమోదిని. ఎదురుగా ఉన్న గ్లాసు నీళ్ళు అడక్కుండానే తాగేసింది.

వైశాఖంలో ఆపరేషన్ జరిగింది. మర్నాడు ప్రమోదిని కళ్ళు తెరిచేసరికి పక్కనే తవిటమ్మ సెల్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, వార్డంతా దద్దరిల్లేలా అరుస్తోంది.

"ఒరే బాబూ, మీ అన్నకి ఒంటేలు వచ్చిందిరా! నిండా వచ్చింది! సంచీ నిండిపోతే నర్సమ్మ మార్చింది!"

అవతల కాసేపు గాలి చప్పుడే వినబడింది. చెట్టెక్కుతున్నాడు కాబోలు. ఆపైన ఉడుంబాబు గొంతు గణగణ మోగింది.

"గ్రామవాసులారా, ఆలకించండి! మా అన్నగారికి మూత్రం వచ్చింది!"

తవిటమ్మ ఫోన్‌ని కోడలి చెవి దగ్గర పెట్టింది. అవతల ఎవరూ నవ్వలేదు. డయాలసిస్ ఆటో అప్పుడే బయల్దేరబోతున్నట్టుంది, డ్రైవరు హారన్ కొట్టాడు. ఆటోలోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొట్టారు. ఇళ్ళల్లోంచి మనుషులు వస్తున్న సందడి వినబడింది. "నిజమేనేటి? ఎంతొచ్చింది? ఏ రంగులో వచ్చింది?" అని అడుగుతున్నారు.

ప్రమోదినికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. అయినా ఆపుకోలేదు.