లిఫ్టు ఆపిన చెయ్యి

లిఫ్టు చెడిపోలేదు, ఎవరో కావాలనే ఆపేశారని తలుపు మీది అంకె ఆరిపోయిన క్షణంలోనే మెకానిక్‌కి తెలిసిపోయింది.

వరండాలో దీపం వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు పోలేదు. మేడ మీది మిషను గదిలో మెయిన్ స్విచ్చి దింపితే తప్ప అంకె అలా ఆరదు. ఏళ్ళ తరబడి లిఫ్టులు బాగుచేసి, చివరికి ఒక లిఫ్టు గుంతలోనే పడి వెన్ను విరిగి, నడుము కింద స్పర్శ పోగొట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

కింద వీధిలో భార్య కారు పిలిపించి నిలబడింది. పాత కంపెనీ వాళ్ళు, దయతలచి కాదు, అతని బుర్ర అవసరమై, ఫిర్యాదుల ఫోన్లు అందుకునే పని ఇస్తామన్నారు. మధ్యాహ్నంలోగా వచ్చి కూర్చోవాలి. రాకపోతే ఆ పనికి మరొకడు సిద్ధంగా ఉన్నాడు. ఇల్లు దాటి చేసే పని మళ్ళీ దొరుకుతుందన్న ఆశ అతనికి లేదు. మెట్ల మీదుగా మోయిద్దామంటే మలుపులో చక్రాల కుర్చీ తిరగదు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన రోజే ఆ సంగతి తేలిపోయింది.

భార్య ఫోను చేసింది. "ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేశావు, మనింటి దానికి మాత్రం దిక్కు లేదు. డ్రైవరు గొణుగుతున్నాడు, ఏం చెప్పను?"

కాసేపు ఆగమని చెప్పమన్నాడు. కాలుగాలిన పిల్లిలా తిరగాలనిపించింది. కాలు కాలినా తెలియని మనిషి ఆ పిల్లిలా మాత్రం ఎలా తిరుగుతాడు? చక్రాలు తోసుకున్నాడు. రెండు తోపులకే గోడ ఎదురొచ్చింది.

ఇది మొదటిసారి కాదు. స్నేహితుడి ఇంటికి బయల్దేరిన రోజూ ఇంతే, పార్కుకి వెళ్దామనుకున్న రోజూ ఇంతే. సాయంత్రానికి మళ్ళీ నడిచేది. దానంతటది చెడే లిఫ్టుల్ని ఎన్నో చూశాడు గాని, దానంతటది బాగుపడే లిఫ్టుని అతను ఎక్కడా చూడలేదు.

ముందు అనుమానం బిల్డింగు సెక్రటరీ మీదికి పోయింది. కుర్చీ చక్రాలు లిఫ్టు గోడలు గీకేస్తున్నాయని ఆయన మొహం చిట్లిస్తూనే ఉంటాడు. వాచ్‌మన్‌ని ఫోనులో అడిగితే, సెక్రటరీ అసలు ఊళ్ళోనే లేడనీ, మిషను గది తాళంచెవి ఉండేది మీ ఇంట్లోనే కదా అనీ, తనని అనుమానిస్తే కళ్ళు పోతాయనీ ఏకబిగిన చెప్పుకొచ్చాడు.

మెకానిక్ కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు పక్క మేకుకి తాళంచెవి లేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, ఇతనికి చెమట పట్టింది. ఆ స్విచ్చి సంగతి తను నేర్పింది ఒక్కరికే. తను మంచంలో ఉన్న రోజుల్లో లిఫ్టు మొరాయిస్తే, ఫోనులో చెప్పించుకుంటూ పైకెళ్ళి సరిచేసి వచ్చిన మనిషి ఒక్కరే.

మళ్ళీ వరండాలోకి వచ్చి తల ఎత్తాడు. మేడ మీదికి పోయే మెట్ల మలుపులో, చక్రాలు చేరలేని చోట, తండ్రి కూర్చుని ఉన్నాడు. పొద్దున తనకి స్నానం చేయించి, ప్యాంటు తొడిగి, బూట్లు కట్టిన తండ్రి.

"నాన్నా, స్విచ్చి ఎత్తు. నీకు దణ్ణం పెడతాను, టైం అయిపోతోంది."

ముసలాయన కదల్లేదు. కింద హారను మోగింది. కాసేపటికి కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. అప్పుడు నోరు విప్పాడు.

"నేనేరా ఆపింది. అప్పుడు రెండుసార్లూ కూడా నేనే. వాచ్‌మన్‌ని ఏమీ అనకు. ఆ మధ్య ఆసుపత్రి వరండాలో పొద్దస్తమానం కూర్చున్నావు చూడు, ఎవరితోనో కబుర్లలో పడి, మధ్యమధ్య చేతులానించి ఒళ్ళు పైకెత్తమన్న డాక్టరు మాట మర్చిపోయావు. కదలకుండా కూర్చున్న ఒత్తిడికి పిరుదు మీద పుండు పడింది. అది నీకు కనబడదు, నువ్వు చూళ్ళేదు. రోజూ చూసింది నేను. కడిగి, గుడ్డ తడిపి అందులో కూరింది నేను. వేలు లోపలికి పోయేదిరా, ఎముక తగిలేది. నువ్వేమో బోర్లా పడుకుని మ్యాచ్ స్కోరెంతని అడిగేవాడివి. రేపు ఆ ఫోన్లలో పడినా అంతే, ఒళ్ళు మర్చిపోతావు. నీకు నొప్పి తెలియదు. నాకు తెలుస్తుంది. తిట్టుకుంటావో, మాట్లాడ్డం మానేస్తావో నీ ఇష్టం. ఆ పుండు నేను మళ్ళీ కడగలేను."