రక్తం రాని దెబ్బ

మా ఆయన కటింగ్ మాస్టరు. గుడ్డమీద గీత వెంట్రుకవాసి తప్పితే కుట్టేవాళ్ళను ఉతికి ఆరేస్తాడు. తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా గంగలో కలుస్తుంది. గుండె లయ తప్పుతోందని, రక్తం గడ్డకట్టి మెదడుకు పోకుండా రోజూ మాత్ర వేసుకోమని డాక్టరు రాసిచ్చాడు. వేసుకుంటాడు. షాపు వెనకగదిలో, గోడవైపు తిరిగి, దొంగలా. వాళ్ళన్నయ్యకు తెలియకూడదట.

ఆ అన్నగారు, అంటే మా బావగారు, పుట్టి బుద్ధెరిగాక మాత్ర మింగలేదని చెప్పుకు తిరిగే మనిషి. ఆయన సాధించిన ఘనకార్యం అదొక్కటే. మందులు వాడేవాళ్ళంటే ఆయనకు చులకన. ఆ మనిషి మెప్పుకోసం నా మొగుడు ఇన్నాళ్ళూ నాటకం ఆడాడు.

నిన్న పొద్దున షాపు తెరుస్తుంటే షట్టరు జారి మా ఆయన నడినెత్తిన పడింది. బావగారు అక్కడే టీ తాగుతున్నారు.

"రక్తం చుక్క కూడా రాలేదు. దీనికే ఆస్పత్రేంటమ్మా?"

"లోపల కారితే మీకెలా కనబడుతుంది బావగారూ?" అని కారు పిలిచాను. తలకు దెబ్బ తగిలితే గాయం లేకపోయినా వెంటనే రమ్మని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. వినోదం చూడ్డానికి బావగారూ ఎక్కారు.

"రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది డ్యూటీ డాక్టరమ్మ.

మా ఆయన అన్నగారివైపు చూశాడు. "అబ్బే, ఏం లేవండీ."

నొప్పితో మూలుగుతున్నవాడికి అబద్ధం మాత్రం తడుముకోకుండా వచ్చింది. ఒళ్ళు మండిపోయింది నాకు. సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆవిడ ముందు పెట్టాను. "రోజూ వాడతారు. నిన్న కూడా వేసుకున్నారు."

ఆవిడ ముఖం మారింది. పరుగున స్కానింగుకు తీసుకెళ్ళారు. మెదడు పక్కన రక్తం చేరడం మొదలైందట. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాక బయటికొచ్చి, "గండం గడిచింది. మీరు చెప్పకపోతే ఇంటికి పంపేసేదాన్ని," అంది.

నేను బెంచీమీద కూర్చున్నాను. బావగారు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఆ మాత్రే నాకూ రాశారు. వేసుకోవడం లేదు."

"ఎందుకని?"

"ఇంట్లో డబ్బా కనబడితే తమ్ముడు ఏమనుకుంటాడోనని..."

పైన పటారం, లోన లొటారం. దొందూ దొందే. లేచి, నా వెనకే రమ్మని డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను.

"ఈయన్ని కూడా చూడండమ్మా," అన్నాను. "ఏం అడిగినా రెండుసార్లు అడగండి. మొదటిసారి చెప్పేది అబద్ధం."