తొమ్మిది రూపాయల నిల్వ

"బీమా పాలసీ లేదమ్మా. మే నెలాఖరుకే పోయింది," అంది బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్న సాహితి.

దుర్గకి అర్థం కాలేదు. ఆమె వెనక క్యూలో ఇరవై మంది ఉన్నారు. ఫ్యాన్ తిరగడం లేదు. మొగుడి పెద్దకర్మ అయిన మర్నాడే గడప దాటినందుకు చుట్టుపక్కలవాళ్ళు అనాల్సినవన్నీ అన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మూడు రోజులకి సరిపడా బియ్యం ఉన్నాయి. అందుకే వచ్చింది.

"ఏడాదికి ఇరవై రూపాయలు ఖాతాలోంచే పోతాయని మీరే అన్నారు కదండీ. ప్రమాదంలో మనిషి పోతే రెండు లక్షలొస్తాయని సంతకం పెట్టించారు."

"ఖాతాలో ఉంటేనే పోతాయమ్మా. ఆ ఇరవై కోసే రోజుకి మీ ఆయన ఖాతాలో తొమ్మిది రూపాయలే ఉన్నాయి." సాహితి పాస్‌బుక్ ముద్రించి వేలుపెట్టి చూపించింది. "ఇదిగో, ఉపాధి కూలి మూడువేల నాలుగొందల తొమ్మిది పడింది. అదే రోజు హనుమాన్ జంక్షన్ ఏటీఎంలో మూడువేల నాలుగొందలు తీశారు."

"మేం తియ్యలేదండీ," అంది దుర్గ. "కార్డు మా దగ్గర లేదు."

కార్డు పాండురంగారావు దగ్గరుంది. నూజివీడులో అతనికి మామిడికాయల షెడ్డుంది. పనిలేని నెలల్లో కూలీలకి అడ్వాన్సులిచ్చేవాడు, హామీగా వాళ్ళ ఏటీఎం కార్డులు పెట్టుకునేవాడు. నాలుగేళ్ళ కిందట ఇంటి మీద రేకులు వేసుకోవడానికి దుర్గ మొగుడు గంగరాజు పదిహేనువేలు తీసుకుని, తన కార్డూ దుర్గ కార్డూ ఇచ్చి, పిన్ నంబర్లు కూడా చెప్పి వచ్చాడు. అప్పట్నుంచి ఖాతాలో ఏది పడినా పడినరోజే మాయమయ్యేది. అప్పు ఎంత తీరిందని అడిగితే, "ఇంకా ఉందిలే" అనేవాడు పాండురంగారావు.

జూన్ మూడో తేదీన అతను కాపు కొన్న తోటలోనే కాయ కోస్తుంటే పెద్ద రసాల మామిడిచెట్టు కొమ్మ విరిగి గంగరాజు కిందపడ్డాడు. రెండురోజులు విజయవాడ ఆసుపత్రిలో ఉండి పోయాడు. దినకర్మకి ఐదువేలు పంపి, "తర్వాత చూసుకుందాంలే," అన్నాడు పాండురంగారావు. ఎంత మంచి మనిషో అని దుర్గ ఆ రోజు దణ్ణం పెట్టింది. ఇప్పుడు ఆ చేతులు నరుక్కోవాలనిపించింది.

"మేడమ్, నా కార్డు ఆపెయ్యొచ్చా?"

"ఖాతా మీది. అర్జీ, ఆధార్ ఇస్తే వెంటనే ఆపేస్తాను. డబ్బు ఇక్కడే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు."

"ఆపితే కార్డు దగ్గర పెట్టుకున్నాయనకి తెలుస్తుందా అండీ?"

సాహితి ఆమె మొహం వంక చూసింది. "మిషన్లో పెట్టినప్పుడు తెలుస్తుంది."

"అయితే ఇవాళొద్దు. సోమవారం పొద్దున్నే వస్తాను."

సోమవారం బడిపిల్లల తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు వేస్తుందని ఊరంతా అనుకుంటున్నారు. బిడ్డకి పదమూడు వేలు. షెడ్డులో పనిచేసే పంతొమ్మిది మంది ఆడవాళ్ళ కార్డులూ పాండురంగారావు బీరువాలోనే ఉన్నాయి.

మర్నాడు దుర్గ షెడ్డులో పనికి వెళ్ళింది. రోజుకి నాలుగొందలు. కలెక్టర్ మామిడికాయల గుట్ట ముందు కూర్చుని మచ్చపడ్డవి ఒకవైపు, మంచివి ఒకవైపు వేసింది. పాండురంగారావు వచ్చి, "నాలుగు రోజులు ఇంట్లో ఉండకపోయావా దుర్గా," అన్నాడు. "పిల్లలున్నారు కదండీ," అంది తలెత్తకుండా. తలెత్తితే కళ్ళు చెప్పేస్తాయని భయం.

ఆదివారం మధ్యాహ్నం అమృతమ్మ వసారాలో షెడ్డు ఆడవాళ్ళని కూర్చోబెట్టి దుర్గ పాస్‌బుక్ చూపించింది, రేపు బ్యాంకుకెళ్ళి కార్డులన్నీ ఆపించేద్దామంది. షెడ్డులో అందరికన్నా పెద్దది అమృతమ్మ. ఆమె ఆ తొమ్మిది రూపాయల అంకె మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

సుజాత మాత్రం ఒప్పుకోలేదు. "రేపు ఆగస్టులో పనిలేకపోతే బియ్యానికి ఎవరిస్తారే? నీ బ్యాంకు మేడమ్ ఇస్తుందా? నీకు మొగుడు పోయాడని కసి. మా కడుపులు కొట్టకు."

"కసే," అంది దుర్గ. "కాదని ఎవరన్నారు? వాడు మిషన్ ముందు నిలబడి బిక్కమొహం వెయ్యాలి. అది నాకు కావాలి. మీకు కావాల్సింది మీ డబ్బు. రెండూ ఒక్క అర్జీతో అవుతాయి."

సోమవారం పొద్దున రెండు ఆటోల్లో పదకొండు మంది వచ్చారు. ఎనిమిది మంది రాలేదు. సాహితి ఒక్కొక్కరి అర్జీ తనే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుంది. పదకొండున్నరకి అందరూ షెడ్డులో ఉన్నారు. ఆలస్యమైనందుకు సగం కూలి కోస్తానన్నాడు పాండురంగారావు.

మధ్యాహ్నం అతని కొడుకు సతీష్ కార్డుల కట్ట పట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళాడు. గంటన్నరకి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. "పదకొండు పనిచెయ్యట్లేదు నాన్నా. వెనకవాళ్ళు దొంగకార్డులా అని నవ్వుతున్నారు. గార్డు నా ఫోటో తీశాడు."

పాండురంగారావు మొహంలో నెత్తురు ఇంకిపోయింది. దుర్గ తల ఎత్తింది. ఈసారి దించలేదు. చూడాలనుకున్న బిక్కమొహం చూసింది. అయినా చాలలేదు.

"ఎవత్తె చేసింది ఈ పని?"

"నేనండీ."

"అన్నం పెట్టినవాణ్ణే..." అతను బయట లోడుకోసం ఆగి ఉన్న ఢిల్లీ లారీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, జరిగిందేదో జరిగింది. నీ అప్పు కొట్టేస్తా. యాభైవేలు చేతికిస్తా. వీళ్ళని తీసుకెళ్ళి కార్డులు మళ్ళీ తెప్పించు."

యాభైవేలు. దుర్గకి పిల్లల మొహాలు కళ్ళముందు కదిలాయి.

"అప్పు కొట్టెయ్యక్కర్లేదు. నాలుగేళ్ళలో ఎంత తీసుకున్నారో కాగితం మీద రాసివ్వండి. మిగిలితే కడతాం. ఎక్కువైతే మీరు కట్టాలి. మీవల్ల పోయిన మా ఆయన బీమా రెండు లక్షలు కూడా అందులో రాయండి. అది రాసిందాకా నేను కాయ ముట్టను."

అమృతమ్మ చేతిలోని కాయని గుట్టలోకి విసిరేసి చీర దులుపుకుని లేచింది. తర్వాత ఒక్కొక్కరూ లేచారు. సుజాత, ఆమెతోపాటు ఏడుగురూ కూర్చునే ఉన్నారు. వాళ్ళ చేతులు మాత్రం ఆగిపోయాయి.

"చింతలపూడి నుంచి మనుషుల్ని దింపుతా. మీకు మళ్ళీ ఏ షెడ్డులో పని దొరుకుతుందో చూస్తాను," అంటూ పాండురంగారావు ఫోన్ తీశాడు.

"దింపండి. వాళ్ళకి కూడా కార్డుల సంగతి నేనే చెప్తాను," అంది దుర్గ.

లారీ డ్రైవర్ గుమ్మంలోకి వచ్చి లోడు ఎప్పుడవుతుందని అడిగాడు. అమృతమ్మ పాండురంగారావు వైపు వేలు చూపించింది. రేకుల కింద వేడికి పన్నెండు టన్నుల కాయ వాసన మారడం మొదలైంది.