ఆడి మాసంలో ఆగిన బ్యాకప్

కోయంబత్తూరులో మా తెలుగు ఇళ్ళకు సంబంధాలు చూసే కేంద్రం చెన్నకేశవన్ మామది. వివరాలన్నీ ఉన్న సర్వర్ ముసలిదై మూలుగుతోందని దీపావళి నెల ఐప్పసిలో కొత్తది కొన్నాడు. దాంట్లోకి డేటా ఎక్కించే పని నాది. నేనింకా కూర్చోకముందే, పాతదాన్ని ఎత్తుకుపోవడానికి మంచి గంట చూసి కినత్తుకడవు నుంచి పాత సామాను కొనే మనిషిని రప్పించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది మా మామను చూసే అని ఉంటారు.

బ్యాకప్‌ను కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేశాను. ఎక్కడా తప్పు చూపలేదు. మామ కర్పూరం వెలిగించి, పాతదాన్ని తుడిచి పంపెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎక్కిందంటే చాలదు, ఏమెక్కిందో తెరిచి చూడాలి. కొత్తదాన్నుంచి ఎవరికీ మెసేజీలు పోకుండా ఆపి, బాగా తెలిసిన పేరొకటి వెతికాను. ప్రియంక, అంటే నేనే.

వరుణ్ణి వెతుకుతున్నారు అని ఉంది.

మన ఆషాఢంలాంటి ఆడి నెల పోయి ఆవణి రాగానే నాకు విఘ్నేశ్వరన్‌తో నిశ్చయమైంది. ఆ సంగతి పాత సర్వర్‌లో నేనే ఎక్కించాను. కొత్తదాంట్లో నాతోపాటు ఆవణిలో కుదిరిన వాళ్ళంతా మళ్ళీ మొదటికొచ్చారు. పాతది బండెక్కి ఉంటే, తాంబూలాలు మార్చుకున్న ఇళ్ళకు మళ్ళీ జాతకాలు పంపి, మామ ఇన్నేళ్ళ పరువు పోగొట్టుకునేవాడు.

బ్యాకప్ తేదీ చూస్తే ఆడికి ముందుది. మామను నిలదీశాను. ఆడిలో ఎవరూ సంబంధాలు మాట్లాడరు కదా, రోజూ బ్యాకప్ దండగని తానే ఆపాడట. మళ్ళీ పెట్టడం మరిచాడు.

"ఆడికి సెలవు మనుషులకు మాత్రం దా మామా, మిషన్‌కి ఏంది?" అన్నాను.

పాతది ఇంకా మూలుగుతూనే ఉంది, దాని కడుపు చల్లగా. దాన్నుంచి కొత్తగా బ్యాకప్ తీసి, మళ్ళీ ఎక్కించి, ఆవణి పేర్లన్నీ రెండు చోట్లా సరిచూశాను. కినత్తుకడవు మనిషి కాఫీ తాగి వట్టి చేతులతో వెళ్ళాడు. మామ కళ్ళజోడు సర్దుకుని, తెర మీద నా పక్కన పెళ్ళికొడుకు పేరు చూశాడు.

"మాప్పిళ్ళై వచ్చేసినాడు అమ్మిణీ. మనసు మారితే పాత బ్యాకప్ ఉండనే ఉండాది."

సంక్రాంతి నెల తైలో పెళ్ళయింది. ఆడి రాగానే, ఆచారం ప్రకారం, కొత్త కోడలినని నన్ను నెల రోజులకు పుట్టింటికి పంపారు. ఆయన్ని విడిచి రావడానికి ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే మామ ఫోన్ చేశాడు.

"బ్యాకప్ నడస్తానే ఉండాది అమ్మిణీ. ఈ ఆడికి సెలవు నీకు మాత్రం దా."