తడిసిన అగ్గిపెట్టె

ముసుగు వేసుకున్న ఆ వీరుడు మా కొట్లోకి పాత కాగితాల మూటలో వచ్చాడు. యుద్ధం ముగిసి గోదావరి దిగువన సిపాయిల క్యాంపులు ఎత్తేశాక, వాళ్లు చదివి పారేసిన కాగితాలన్నీ మణుగుల లెక్కన అమ్మకానికి వచ్చాయి. మా ఆయన ఒక మూట రాజమండ్రిలో కొని, లాంచీలో కూనవరం దాకా, అక్కడి నుంచి బండి మీద బస్తరు రాజ్యంలోని కోంటాకు చేర్చారు. అదే లాంచీలో, అదే బండిలో నేనూ కాపురానికి వచ్చాను. దారి పొడుగునా ఆ మూట మీదే కూర్చున్నాను.

కాగితాలు ఉప్పుకీ పొగాకుకీ పొట్లాలు కట్టడానికి. వాటిని ఏరి కత్తిరించే పని నాకు ఇచ్చారు. ఇంటర్మీడియెట్ చదివిన పిల్లకు ఇదేం పని అని మా అమ్మ అనేదేమో కానీ, నాకు అంతకంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. ఆయన త్రాసు దగ్గర, నేను ఆయన వెనక చాప మీద. మధ్యాహ్నం గిరాకీ పల్చబడగానే ఆయన వెనక్కి తిరగకుండా చెయ్యి మాత్రం చాచేవారు. అందులో పటికబెల్లం ముక్క ఉండేది. రోజుకొకటి. అత్తగారికి తెలియదని మేమిద్దరం అనుకునేవాళ్లం.

ఆ మూటలోనే దొరికింది ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. పేజీకి ఆరు గళ్లు, గడికో బొమ్మ, మనుషుల నోళ్ల దగ్గర బుడగల్లో మాటలు. కళ్ల చుట్టూ నల్లగుడ్డ కట్టుకున్న వీరుడొకడు ఒక మహానగరంలో దొంగలను పట్టి దీపస్తంభాలకు కట్టేసి పోతుంటాడు. పోలీసుల్లో అతనికి ఒకే ఒక్క స్నేహితుడు, లావుపాటి ఇన్‌స్పెక్టరు. పై అధికారులు మాత్రం ఆ ముసుగువాణ్ణి కూడా పట్టుకోమంటారు. ఇన్‌స్పెక్టరు బయల్దేరుతాడు, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా చేరతాడు. చెల్లాచెదురైన పేజీలను వరుసగా పేర్చి సూదీ దారంతో కుట్టాను. ముప్ఫై పేజీలు దొరికాయి. చివరివి దొరకలేదు. ఉసూర్ నుంచి వచ్చిన బేరగాడికి ఇంగువ ఏదో కాగితంలో కట్టిచ్చినట్టు మా ఆయనకు గుర్తు. ఆ కాగితం అదేనేమో.

ఆ పుస్తకం కోసం మధ్యాహ్నం పూట మా అరుగు మీదికి వచ్చేవాడు ఆయతు. రాజుగారి పోలీసులో సిపాయి. నలభై ఏళ్లుంటాయి. భేజ్జి దగ్గరి పల్లె అతనిది. ఠాణాలో ఆ చుట్టుపక్కల మనుషులను ఎరిగినవాడు అతనొక్కడే. చదువు రాదు. బొమ్మలు తను చూసేవాడు, బుడగలు నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని.

"ఈయన మొహానికి గుడ్డ ఏంది కోడలమ్మా? పంటి నొప్పా?" అన్నాడు మొదటిరోజు.

"ఎవరో తెలియకూడదని, ఆయతన్నా."

"నడక చూస్తే తెల్వదా? ఆ ఇన్‌స్పెక్టరుకు కండ్లు లేవా?" కాసేపు చూసి తనే అన్నాడు. "మా కాడ కోతలయినంక చెర్తా పండగకు పోరలు సొరబుర్రలు కోసి మొహాలు కడతరు. ఇల్లిల్లు తిరిగి ఆడి వడ్లు అడుగుతరు. ఏ మొహం కింద ఎవరున్నరో ఊరందరికీ ఎరుకే. కానీ మొహం దించేదాకా పేరు పెట్టి పిలవరు. పిలిస్తే కోడి కట్టాలె."

"ఎవరికి?"

"ఊరికి. అందరం తింటం."

"అందుకే నువ్వు ఏటా నోరు జారుతుంటావు కాబోలు," అన్నారు మా అత్తగారు అన్నపూర్ణమ్మగారు లోపలి నుంచి.

"కోడి నాదే పోతది గదమ్మా. ఒక్క కాలు గూడ నాకు రాదు."

నాకు ఆ పుస్తకంలో ఒక్క సంగతి నచ్చేది కాదు. ముసుగువాడు తప్పించుకోవలసిన ప్రతిచోటా ఆ ఇన్‌స్పెక్టరు పైపు వెలిగించుకుంటూ నిలబడతాడు. ఒక గడిలో జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీస్తాడు. రెండో గడిలో అది ఆరిపోతుంది. మూడో గడిలో ఇంకో పుల్ల. బొమ్మలు గీసినవాడు కథ చాలక గళ్లు నింపుతున్నాడని నేను ఆయతుతో అన్నాను.

ఆయతు ఆ మూడు గళ్లనూ వేలితో వరుసగా తాకాడు. "ఈ పుల్ల ఆరిపోలే. ఆయనే ఆర్పిండు," అన్నాడు. "ఇగో, గాలి లేదు. పక్కన కిటికీ పరదా కదల్లే."

పరదా నిజంగానే కదల్లేదు. కాలేజీలో రెండేళ్లు చదివి కూడా నేను ఆ పరదాను చూడలేదు. ఆ రాత్రి మా ఆయనకు చెబితే చాలాసేపు నవ్వి, "నీకంటే ఆయతుకే ఇంగ్లీషు బాగా వచ్చునోయ్," అన్నారు.

పండగ వారం రోజుల్లో ఉందనగా ఆయతు మాటలు తగ్గాయి. కారణం కేసా. ఆయతు ఊరివాడే. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకే వలకు రెండు కొసలు పట్టి శబరి ఏట్లో చేపలు పట్టినవాళ్లు. తడి తాడు కోసి కోసి ఇద్దరి కుడి అరచేతుల్లోనూ అడ్డంగా ఒకేలాంటి కాయ కాసింది. దీపావళి తర్వాత ఒక పెద్ద అధికారి అడవిలో పర్యటనకు వస్తే అతని సామాన్లు వెట్టికి మోయడానికి కేసా ఊరివాళ్లను పట్టుకుపోయారు. రెండోరోజు కేసా దారి మధ్యలో కావడి దించి, కోతల రోజుల్లో ఇంటి దగ్గర పనుందని చెప్పి వెనక్కి నడిచాడు. మిగతా తొమ్మిదిమందీ దించి అతని వెనకే నడిచారు. దొర స్నానాల తొట్టి వాగులోకి దొర్లిపోయింది. ఇప్పుడు కేసా మీద వారంటు ఉంది. దొరికితే జగదల్‌పూర్ జైలు. అడవిలో దాక్కున్నాడు.

"చెర్తాలో పెద్ద మొహం ఏటా వాడే కడతడు," అన్నాడు ఆయతు. "ఈసారీ వస్తడు. రాకుండ ఉండలేడు, తిక్కలోడు. మా ఠాణా పెద్ద థానేదారుకు ఎవడో చెప్పిండు. వాణ్ణి గుర్తుపట్టెటోణ్ణి నేనొక్కణ్ణే గదా. చూపెట్టమన్నడు. చూపెట్టకపోతే నా బిళ్ల పీకేస్తనన్నడు."

పన్నెండేళ్ల నౌకరీ అతనిది. నడుం పట్టీ మీది ఆ ఇత్తడి బిళ్లను రోజూ చింతపండుతో తోముకునేవాడు.

"చివరి కాగితం దొరకలేదా?" అని అడిగాడు.

దొరకలేదన్నాను. మా దగ్గర ఉన్న ఆఖరి గడిలో ఒక మూసిన తలుపు. లోపల ముసుగువాడు. బయట పై అధికారి ఇన్‌స్పెక్టరుతో, నీ స్నేహితుడు లోపల ఉన్నాడు, తలుపు తెరువు అంటున్నాడు.

"ఏం చేస్తడంటవు?"

"పోలీసు కదా, తెరుస్తాడేమో," అన్నాను. అన్న వెంటనే అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆయతు ఆ గడిని చాలాసేపు చూశాడు. "ఒక చెయ్యి జేబుల ఉంది," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

పండగ ముందురోజు కొట్టు కడిగాం. మా ఆయన నా కొంగు త్రాసుకు ముడేశారు. నేను చెంబెడు నీళ్లు ఆయన మీద చల్లాను. ఆయన తప్పుకున్నారు. నీళ్లు అగ్గిపెట్టెల మీద పడ్డాయి. అవి కరువుగా దొరికే రోజులు. "పెళ్లయినా పిల్లతనం పోలేదు ఇద్దరికీ," అని అత్తగారు వాటిని ఎండలో పెట్టించారు. ఒక్కటి మాత్రం త్రాసు కింద ఉండిపోయింది. మర్నాడు పొద్దున చూశాను. అప్పటికీ మెత్తగానే ఉంది. తర్వాత ఎండబెడదామని అక్కడే వదిలేశాను.

పండగనాడు మూడో జాము మొదలయ్యేసరికి థానేదారు మా అరుగు మీద బల్ల వేయించుకుని కూర్చున్నాడు. రాయపూర్ వైపు మనిషి, మర్యాదస్తుడే. నోట్లో ఎప్పుడూ పాన్. వెంట ఇద్దరు కొత్త సిపాయిలు, పక్కన ఆయతు. మా అరుగు మీది నుంచి వీధి చివర వాలు, వాలు కింద రేవు కనిపిస్తాయి. ఏరు దాటితే బ్రిటిషు సర్కారు గడ్డ. అక్కడ రాజుగారి పోలీసు మనిషిని పట్టుకోలేడు. థానేదారు మాత్రం కొట్టు వైపు తిరిగి, రేవుకు వీపు పెట్టి కూర్చున్నాడు. టీ ఇమ్మన్నాడు.

ఏటా లాగే ఆయతు ఊరి నుంచి డోళ్లతో తొమ్మిది మొహాలు వచ్చాయి. సొరబుర్రలకు కళ్ల చోట రంధ్రాలు, మూతి చుట్టూ ఎలుగ్గొడ్డు వెంట్రుకలు. అన్నిటికంటే పెద్దది ముందు నిలబడి నడుము తిప్పి ఆడింది. అత్తగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో పెట్టుకున్నారు. నేను చేటతో వడ్లు తెచ్చి ఆ మొహం ముందున్న గంపలో పోశాను. గంప పట్టుకున్న కుడి అరచేతిలో అడ్డంగా కాయ ఉంది. నేను తల ఎత్తలేదు.

"అరే ఆయతూ, వీళ్లలో ఎవడు?" అన్నాడు థానేదారు.

"మొహం మీద ఉండంగ పేరు చెప్పొద్దు సాబ్. ఊరు కోడి అడుగుతది."

"కోడి నేనిస్తాను. చెప్పు."

"నౌకరీ మీరిచ్చిన్రు సాబ్, వాళ్లు అడిగితే కోడి నేనివ్వాలె. ఆట అయినంక ఆ మామిడి చెట్ల కింద మొహాలు దించి వండుకుంటరు. అక్కడ ఒక్కొక్కణ్ణి చూసి చెప్త."

మాట సబబుగానే ఉంది. నిండు వీధిలో పండగ చెడగొట్టడం థానేదారుకూ ఇష్టం లేదు. సరేనని మళ్లీ కొట్టు వైపు, టీ గ్లాసు వైపు తిరిగాడు. డోళ్లు వాలు దిగాయి. ఎనిమిది మొహాలు మామిడి చెట్ల వైపు తిరిగాయి. పెద్దది మాత్రం తిన్నగా రేవుకు నడుస్తోంది. దోనె ఇంకా కట్టు విప్పలేదు.

థానేదారు గ్లాసు కింద పెట్టాడు. "జల్దీ. పద."

"ఒక్క చుట్ట సాబ్. పొద్దుగాల్నించి పొగ లేదు. తల తిరుగుతంది. సక్కగ చూడలేను." ఆయతు చుట్ట నోట్లో పెట్టుకుని కొట్టు వైపు తిరిగాడు. "అగ్గిపెట్టె ఇయ్యి కోడలమ్మా."

మా ఆయన చెయ్యి అప్పటికే పొడి అగ్గిపెట్టె మీద ఉంది. నేను వంగి త్రాసు కిందిది తీశాను. ఆయన నన్ను చూశారు, నా చేతిలోది చూశారు. పొడిదాన్ని ఉప్పు డబ్బా వెనక్కి తోసి గుడ్డతో త్రాసు పళ్లెం తుడవడం మొదలుపెట్టారు.

ఆయతు మొదటి పుల్ల గీశాడు. మందు పెచ్చులూడి రాలింది. రెండోది వంగిపోయింది. మూడోదాన్ని గీసే ముందు, ఆరబెడుతున్నట్టు చెవి పక్కన నూనె ఓడుతున్న జుట్టుకు రుద్దాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుని థానేదారు గ్లాసులో మళ్లీ వేడి టీ అంచు దాకా పోశాను. పొంగిన గ్లాసును పట్టుకోలేక, వదల్లేక ఆయన ఊదుకుంటూ కూర్చున్నాడు.

"ఇంట్లో పొయ్యి లేదా?" అన్నాడు చివరికి.

"అయ్యో, ఉంది బాబూ," అన్నారు అత్తగారు. ఆవిడ లోపలికి ఎంత నెమ్మదిగా నడిచారంటే, మా పటికబెల్లం సంగతి ఆవిడకు మొదటిరోజు నుంచీ తెలుసునని నాకు ఆ క్షణంలో అర్థమైంది. పటకారుతో నిప్పు తెచ్చేసరికి దోనె ఏటి మధ్య ఉంది. ఆయతు చుట్ట ముట్టించుకుని తృప్తిగా ఒక దమ్ము లాగాడు.

"పదండి సాబ్."

మామిడి చెట్ల కింద ఎనిమిదిమంది మొహాలు దించారు. ఆయతు ఒక్కొక్కరి ముందూ నిలబడి పేరు పెట్టి పిలిచాడు. వాళ్లలో కేసా లేడన్నాడు. అది నిజమే. రేవు దగ్గర దోనె కట్టే గుంజకు పెద్ద మొహం తగిలించి ఉంది. దాన్ని థానేదారు చాలాసేపు చూశాడని కొత్త సిపాయి తర్వాత మా ఆయనతో చెప్పాడు.

ఏమీ రుజువు కాలేదు. బిళ్ల ఊడలేదు. ఆయతును ఉసూర్ ఠాణాకు మార్చారు. అడవి దారిన నాలుగు రోజుల నడక.

వెళ్లే రోజు మధ్యాహ్నం మూటా లాఠీ అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. కుట్టిన పుస్తకం అతనికే ఇచ్చాను. ఉసూర్ బేరగాణ్ణి అడిగితే చివరి కాగితం అక్కడ దొరకొచ్చునన్నాను.

"ఏం పని దానితో?" అన్నాడు. పుస్తకం మూటలో పెట్టుకుని, నడుము దగ్గర దోపుకున్న అగ్గిపెట్టె తీసి నా ముందు పెట్టాడు. "నీది. ఎండబెట్టిన."

ఉంచుకోమన్నాను. ఒక పుల్ల తీసి గీశాడు. మొదటి గీతకే వెలిగింది. చుట్ట ముట్టించుకుని మూట భుజానికెత్తుకున్నాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి చాప మీదికి వచ్చేసరికి మా ఆయన చెయ్యి వెనక్కి చాచి ఉంది. అందులో ఆరోజు రెండు ముక్కలున్నాయి.