మామగారి ఊరి పేరు

సైకిలు పందెం రేడియోలో చెప్పడంలో ఆ వ్యాఖ్యాతను మించినవాడు లేడు. "మిట్ట ఎక్కుతున్నారు" అని అతనంటే మంచం మీద పడుకుని వింటున్నవాళ్లకు పిక్కలు పట్టేసేవి. "వాన మొదలైంది" అంటే ఎండలో ఆరేసిన బట్టలు గబగబా లోపలికి తెచ్చేసుకునేవారు. అంతటివాడికీ ఒక ఊరి పేరు దగ్గర నాలుక మడతపడేది. పోయి పోయి అది అత్తవారి ఊరే అయింది.

నిరుడు పందెం ఆ ఊరి మీదుగా సాగినప్పుడు పేరు మధ్యలో ఒత్తు మింగేసి, చివర లేని దీర్ఘం తగిలించాడు. స్టేషనుకు ఒకటే ఫోన్లు. అందులో మొదటిది మామగారిదే. అందుకే డైరెక్టరు ఈసారి ముందే తేల్చి చెప్పాడు. "ముగింపు గీత ఆ ఊళ్లోనే. మళ్లీ ఒక్క ఫోనొచ్చిందా, ఇక లైవు మర్చిపో. గదిలో కూర్చుని వాతావరణం చదువుకుందువుగాని."

ఆ గీత బాగా కనిపించేది మామగారి మేడ మీంచే. మైకు అక్కడే పెట్టారు. భార్య పొద్దుటి నుంచీ ఆ పేరు పలికిస్తూనే ఉంది, అతను పళ్లు తోముకుంటున్నా వదల్లేదు.

"నాన్న నీ పక్కనే కూర్చుంటారట," అంది.

"ఎందుకు?"

"కాపలాకి."

మామగారు నిజంగానే కుర్చీ లాక్కుని అతని మోచేతికి ఆనుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, కంగారుపడకండి. పేరు వచ్చినప్పుడు ఆగి, నిండా ఊపిరి తీసుకుని, మధ్యలో నొక్కి చివర వదిలేయండి. మా ఇంటి పిల్లి కూడా తప్పులేకుండా పలుకుతుంది."

"అలాగే మామయ్యగారూ."

ఇంతలో వీధి చివర కేకలు లేచాయి.

"మలుపు తిరిగారు, ఎర్రచొక్కా ముందు, కాదు కాదు, పసుపు చొక్కా అందుకుంటున్నాడు, ఈ ఊరి సైకిలు మెకానిక్కే అతను, చక్రం చక్రం రాసుకుంటున్నాయి, దాటేశాడు, గీత మీదికి వచ్చేశాడు, గెలిచింది..."

ఇక ఊరి పేరు చెప్పాలి. చెప్పినట్టే ఆగాడు. నిండా ఊపిరి తీసుకున్నాడు.

రేడియో మూగబోయింది. ఇంటింటా ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారు. మామగారికి ఆ నిశ్శబ్దం భరించడం వల్లకాలేదు. మైకు లాక్కుని, "గెలిచింది మావాడే," అంటూ ఊరి పేరు ఎలుగెత్తి అరిచారు.

మధ్య ఒత్తు మింగేసి, చివర దీర్ఘం తగిలించి మరీ.

కింద వీధిలో జనమంతా తలలెత్తి మేడకేసి చూశారు. అల్లుడు ఊపిరి తీసుకున్నాడే గాని వదలడం మర్చిపోయాడు. అంతలోనే ఫోను మోగింది. డైరెక్టరే. అల్లుడి చెయ్యి కదల్లేదు. మామగారే ఎత్తారు, రెండో చేతిలో మైకు అలాగే ఉంది.

"ఫోన్లొస్తున్నాయా? రానివ్వండి బాబూ, అన్నీ నా ఖాతాలో వేసుకోండి. మా అల్లుడు నోరు విప్పితే కదా తప్పు పలకడానికి."

"మీరు ఆ ఊరివారే కదండీ, మరి అలా అన్నారేం?"

"మనవాడు గెలుస్తుంటే ఒత్తులెవడు చూసుకుంటాడండీ? ఆ మైకు ముందు మీరు కూర్చుంటే మీ పేరే మర్చిపోతారు. నిరుడు నేనే ఊరికే రభస చేశాను."

ఈ మాటలన్నీ మైకులోంచి ఇంటింటికీ వెళ్లిపోతున్నాయని ఆయనకు తెలియదు. డైరెక్టరుకు తెలుసు.

"ముందు ఆ మైకు మీ అల్లుడికివ్వండి మహాప్రభో," అన్నాడు. "వెనక ఇంకా బోలెడుమంది వస్తున్నారు. రేపటి పందెం కూడా అతనే చెప్పాలి, కాస్త గొంతు మిగుల్చుకోమనండి."

అల్లుడు మైకు అందుకున్నాడు. వచ్చేవాళ్లు గుంపులు గుంపులుగా వస్తున్నారు, అతని మాటలు వాళ్ల చక్రాలకంటే ముందు పరుగెడుతున్నాయి. మధ్యలో ఊరి పేరు చాలాసార్లే దొర్లింది. ఎలా పలికాడో మామగారు వినలేదు. ఆయన అప్పటికే మెట్లు దిగిపోయి, మెకానిక్కును భుజాల మీదికి ఎత్తుకోబోతూ, నడుం పట్టేసి, "నన్నెవరైనా ఎత్తుకోండర్రా" అని కేకలేస్తున్నారు.